కుచ్చుగాలానికి మేకపోతు వెంట్రుకలు

మా నాన్నగారి వస్తువుల్లో నా దగ్గర మిగిలినవి రెండే. ఒకటి మా తాతగారి కాలపు చామరం. రెండోది పొడుం డబ్బాలో దూది మీద పడుకోబెట్టిన ఒక గాలం. చామరం సంగతి తరవాత చెబుతాను.

ఆ గాలం మెడ దగ్గర శనగగింజంత సీసం గుండు పోసి ఉంటుంది. గుండు వెనక వెంట్రుకల కుచ్చు కట్టి ఉంటుంది. దానికి ఎర అక్కర్లేదు. నీళ్ళలోకి విసిరి, కొంచెం లాగి, కొంచెం వదిలితే కుచ్చు ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. చూస్తే ప్రాణమున్న చిన్న చేపే అనిపిస్తుంది. కొరమీను దాన్ని చూసి ఊరుకోలేదు. ఇప్పుడు ఫోన్లలో చూసి నేర్చుకున్నవాళ్ళు దీన్ని జిగ్ అంటున్నారు. మా ఇంట్లో కుచ్చుగాలం అనేవాళ్ళం. కాలవ పనుల మీద వచ్చి మా ఇంట్లో కొన్నాళ్ళు బస చేసిన ఇంజనీరు ఒకాయన మా నాన్నగారికి అలాంటిది ఒకటి ఇచ్చి వెళ్ళాడట. నాన్నగారు దాన్ని విప్పి చూసి, తిరిగి కట్టి, సొంతంగా నేర్చుకున్నారని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆయన కట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. పశువుల కొట్టం పక్కన సీసం కరిగించేవారు కాబట్టి పిల్లల్ని అటు రానిచ్చేవారు కాదు.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుని బతుకుతాను. మా భూములు ఎవరెవరి చేతులు మారాయో నాలుగు హద్దులతో సహా నాకు నోటికి వచ్చు. కొన్నిటి కాగితాలు నేనే రాశాను. మా మేడ ఉన్నచోట ఇప్పుడు ఫంక్షన్ హాలు ఉంది. అక్కడ పెళ్ళిళ్ళకు పిలిస్తే వెళ్ళి, అక్షింతలు వేసి, భోజనం చెయ్యకుండా వస్తాను. ఎవరి మీదా కోపం లేదు. భూమి, ఇల్లు, పశువులు పోయినా ఒక పనితనం మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయిందని నా నమ్మకం. అది ఆ గాలం కట్టే పని. దాన్ని ఎవరూ తమ పేర రాయించుకోలేరు అనుకునేవాణ్ణి.

ఆదివారం సాయంత్రాలు నాతో చెరువుకు వచ్చే ఆయన ఒకరున్నారు. రిటైరైన హైస్కూలు హెడ్మాస్టరు. పొద్దున చర్చికి వెళ్ళి, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చి, నాలుగింటికల్లా మోటార్ సైకిల్ మీద వస్తారు. ఆయన ఫోన్లో తెప్పించుకున్న రబ్బరు కప్పతో పడతారు. నేను వానపాములతో పడతాను. నాన్నగారి గాలం నీళ్ళలో వెయ్యను. అది ఒక్కటే ఉంది, పైగా కుచ్చు సగం పురుగు కొట్టేసింది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొడుం డబ్బా ఆయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు.

"ఇది నేను ఎరుగుదునండి," అన్నారు. "నాకు పదేళ్ళుంటాయేమో. మీ నాన్నగారు పడుతుంటే మేం అవతలి గట్టు మీద నిలబడి చూసేవాళ్ళం. ఇవతలికి రానిచ్చేవారు కాదుగా మమ్మల్ని."

నేను గాలాన్ని మళ్ళీ దూది మీద సర్దాను.

"నాకొకటి కట్టిపెట్టండి. కప్పలకేం, ఎన్నైనా కొనుక్కోవచ్చు. దీన్ని ఒక్కసారి ఈ గట్టు మీద నుంచి విసరాలని ఉంది."

"అది మా ఇంటి పని మాస్టారూ. వచ్చే ఆదివారానికి కట్టి తెస్తాను," అన్నాను.

ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. ఆ గొంతుతో మాట్లాడే అవకాశం నాకు ఈ మధ్య ఎక్కువ దొరకడం లేదు.

గాలాలు దొరికాయి. పాత బ్యాటరీ సీసం దొరికింది. మట్టి అచ్చులో గుండ్లు పొయ్యడం నాలుగోసారికి వచ్చింది. దారం, ముడి మీద పూసే గోళ్ళరంగు అంగట్లో ఉన్నాయి. రానిది ఒక్కటే. ఏ జంతువు వెంట్రుకలు కట్టాలి అన్నది.

దారంతో చుట్టేస్తే ఏ వెంట్రుకైనా కుచ్చే కదా అనుకున్నాను మొదట. కాదని గాజు సీసాలో నీళ్ళు పోసి ఒక్కొక్కటీ ముంచి చూశాక తెలిసింది. దూడ తోక వెంట్రుకలు కట్టాను. నీళ్ళలో చీపురులా నిటారుగా ఉన్నాయి. లాగినా ముడుచుకోవు, వదిలినా విచ్చుకోవు. గొర్రె బొచ్చు నీళ్ళు తాగి ముద్దయింది. పక్కింటివాళ్ళ తెల్ల కుక్కను దువ్వితే చేతినిండా వచ్చింది, కానీ తడవగానే అంతా కలిసి ఒక్క పోగైపోయింది. ఊళ్ళో కుందేళ్ళు పెంచే అతను కొంచెం బొచ్చు ఇచ్చాడు. నిజానికి నీళ్ళలో అన్నిటికంటే బాగా కదిలింది అదే. వేలితో రెండుసార్లు లాగితే ఊడి వచ్చేసింది. కొరమీను పళ్ళకు అది ఒక్క దెబ్బకు ఆగదు. ఉడుత తోక బాగుంటుందని మాస్టారు ఫోన్లో చూసి చెప్పారు. ఉడుతను చంపడం నేరం, నేరం కాకపోయినా నాకు మనసొప్పదు అన్నాను.

మేక వెంట్రుకలు కూడా చూశాను. మాంసం కొట్టు దగ్గర పడేసిన తోలు మీద నుంచి కత్తిరింపించి తెచ్చాను. తెచ్చిన తీరు చెప్పాలి. కొట్టతను చేతికి ఇవ్వబోతే కింద పెట్టమని, కాగితంతో తీసుకున్నాను. ఇంటికి తెచ్చి పసుపు నీళ్ళలో నానబెట్టాను. కుంకుడు రసంతో మూడుసార్లు ఉతికాను. మా అమ్మగారు ఉంటే గడప లోపలికి రానిచ్చేవారు కాదు కాబట్టి ఆమాత్రం శుద్ధి అవసరం అనుకున్నాను. ఆరిన తరవాత ఆ వెంట్రుకలు ఎండుగడ్డిలా పెళుసెక్కాయి. ఒక దానికొకటి ఎడంగా నిక్కబొడుచుకున్నాయి. దారం బిగించేటప్పుడు కొన్ని విరిగాయి. నాన్నగారు కట్టింది మేకవి కాదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

అప్పుడు చామరం బయటికి తీశాను.

ఎక్కడో మంచుకొండల్లో తిరిగే జడలబర్రె తోక అది. మా తాతగారి పెళ్ళిలో పల్లకీకి ఇరువైపులా నడిచినవాళ్ళ చేతుల్లో ఉన్నవాటిలో ఒకటి. వెండి పిడి ఎప్పుడో పోయింది, కుచ్చు మిగిలింది. నాన్నగారు తన గాలాలకు వాడింది ఇదే అయి ఉంటుందని నాకు గట్టిగా తోచింది. ఎందుకు తోచిందో ఇప్పుడు చెప్పగలను. మంచి వస్తువు మా ఇంట్లో తయారైందంటే దాని సరుకు కూడా మా బీరువాలో నుంచే వచ్చి ఉండాలని నేను అనుకున్నాను. కత్తెర పెట్టే ముందు కాసేపు ఆగాను. తరవాత కత్తిరించాను.

నూరేళ్ళు దాటిన వెంట్రుకలు అవి. పైకి నిగనిగలాడుతున్నాయి. దారం రెండు చుట్లు పడగానే లోపల సన్నగా చిట్లిన చప్పుడు అయింది. మిగిలినవి నీళ్ళలో వేస్తే జారిపోయి గుండు మెడకు చుట్టుకున్నాయి. కర్పూరం వాసన నీళ్ళంతా పట్టింది. నాలుగు కుచ్చులు కట్టాను. నాలుగూ పాడయ్యాయి. చామరంలో కత్తిరించినచోట వెలితి మిగిలింది.

అప్పటికి రెండు ఆదివారాలు గడిచాయి. రెండోసారి మాస్టారు ఏమీ అడగలేదు. రబ్బరు కప్ప విసురుతూ, "బాబుగారూ, కట్టడం వచ్చినవాళ్ళు పోతే పోయినట్టే లెండి. మా నాన్న తోలు కోసే ఉలి నా చేతికి రాలేదు. దానికి నేనేం సిగ్గుపడను," అన్నారు. నా మనసు తేలిక చెయ్యడానికి అన్న మాటే. నాకు మాత్రం మా మేడ రెండోసారి కూలినట్టు అనిపించింది. ఆ ఒక్క పనీ నా చేతిలో లేకపోతే ఆ ఇంటివాణ్ణని చెప్పుకోవడానికి నాకు ఇంటిపేరు తప్ప ఇంకేం ఉంది?

మరునాడు పొడుం డబ్బా తీసుకుని మళ్ళీ మాంసం కొట్టుకు వెళ్ళాను. కొట్టతను చేతులు తుడుచుకుని, గాలాన్ని వేళ్ళ కొసలతో పట్టుకుని, వెలుతురుకు ఎత్తాడు.

"మేకదేనండీ ఇది."

"మేకవి కట్టి చూశాను. కావు."

"మీరు చూసింది కోసిన మేకవి. అది కూడా పడేసిన తోలు మీదివి. ఇది బతికున్నదాన్ని దువ్వి, ఏరి, కత్తిరించింది. కొసలు చూడండి, ఒక్కటీ తెగలేదు. మేకను ఎరిగినోడు చేశాడు ఈ పని," అన్నాడు. "మీ నాన్నగారికి మేకలుండేయా?"

మా నాన్నగారికి మేకలు లేవు. మా ఇంట్లో పెద్దపాలేరుకు ఉండేవి.

ఆయన మా దగ్గర ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను. మా ఇంట్లో ఎవరూ ఆయన్ను అలా అనలేదు. ఆయన తాగడానికి ఒక గ్లాసు కొట్టం దూలానికి వేలాడుతుండేది. దాన్ని ఆయనే కడుక్కుని, ఆయనే అక్కడ పెట్టేవాడు. ఆయన ఉండే పేటలో మేం మంచినీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. చివరి పొలం అమ్ముడుపోయినప్పుడు నాన్నగారు ఆయనకు ఆ మాట చెప్పలేదు. చెప్పడానికి ముఖం చెల్లలేదు. మరునాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నాన్నగారు గదిలోంచి బయటికి రాలేదు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. నేనే వరండాలో నిలబడి, "రేపటి నుంచి రావక్కర్లేదు," అని చెప్పాను. ఆయన మోపు దించి, గిత్తలకు వేసి, వెళ్ళిపోయాడు. ఆ తరవాత నేను ఆయన్ను చూడలేదు. గంపలగూడెం అవతల కూతురి దగ్గర ఉంటున్నాడని మాత్రం విన్నాను.

వెళ్ళడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏదైనా అడగడం నాకు అలవాటు లేదు. ఆ గుమ్మం ముందు అసలే లేదు.

శనివారం తిరువూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కాను. పత్తి తీతకు వెళ్ళే ఆడవాళ్ళు ముందే నిండిపోయి ఉన్నారు. నడుం నిటారుగా పెట్టుకుని ఆటోలో కూర్చోవడం కుదరదు. "వంగండి బాబాయిగారూ, తల తగులుద్ది," అని ఒకామె చెప్పేదాకా నేను వంగలేదు. గంపలగూడెంలో దిగి ఇంకో ఆటో పట్టుకుని ఆ ఊరు చేరాను. ఊరి చివర కాలనీలో శ్లాబు ఇల్లు. తలుపు మీద శిలువ గుర్తు, గోడకు చర్చి క్యాలెండరు. ముంగిట్లో ప్లాస్టిక్ నవారు మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కన రెండు మేకలు, ఒక పోతు కట్టేసి ఉన్నాయి.

లోపలి నుంచి నలభై దాటిన ఒకామె వచ్చి, "ఎవరండీ?" అంది. ఆయన కూతురు. మా ఇంటిపేరు, మా పాత ఊరు చెప్పాను. ఆమె ముఖం ఒక్క క్షణం బిగుసుకుంది. వెంటనే లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మంచానికి కాస్త దూరంగా వేసింది.

"ఎవరే?" అన్నాడు ముసలాయన. చూపు దాదాపు పోయింది.

"మీ దొరగారింటి చినబాబంట నాయనా. తిరువూరు నించి."

ఆయన తడుముకుంటూ కాళ్ళు కిందికి దించాడు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. లేవబోయాడు.

"లేవకండి. కూర్చోండి," అన్నాను.

ఆయన తల పక్కకు తిప్పి విన్నాడు. "ఇంకెవరన్నా వచ్చారా బాబూ, మీతో?"

"లేదు. మిమ్మల్నే అంటున్నాను."

కూతురు నవ్వు ఆపుకోలేకపోయింది. "నిన్నే నాయనా. కూర్చోండి అంటన్నారు."

"అట్టనా. అయితే పెద్ద పనే పడుంటది," అని ఆయన కూర్చున్నాడు.

పొడుం డబ్బా తెరిచి గాలం ఆయన అరచేతిలో పెట్టాను. ముల్లు ఉంది జాగ్రత్త అనబోయాను. ఆయన వేళ్ళు అప్పటికే ముల్లును తప్పించుకుని గుండును పట్టుకున్నాయి. కుచ్చును పైకెత్తి కింది పెదవికి ఆనించి అటూ ఇటూ రాశాడు. చూపు లేనివాడు అలా చేస్తున్నాడనుకున్నాను. వెంట్రుకను చూడాల్సింది అలాగేనట, వేళ్ళు కాయలు కాస్తాయి కానీ పెదవి కాయదు అని తరవాత చెప్పాడు.

"ఇది మా నల్లపోతుది," అన్నాడు. "కుడి చెవి సగం ఉండేది కాదు దానికి. వెన్ను మీద బెత్తెడు వెంట్రుకలుండేయి. పురుగు పట్టనిచ్చారే బాబూ. వేపాకు వెయ్యాల్సింది డబ్బాలో."

"నాన్నగారు వెంట్రుకలు ఎలా ఎంచుకునేవారో మీకేమైనా గుర్తుందేమోనని వచ్చాను."

ఆయన గుండు మీద బొటనవేలు రాశాడు. తరవాత మామూలుగానే అన్నాడు. "నాన్నగారు ఎంచేదేంటి? ఆయన సీసం పోసేవారు. గుండు నున్నగా వచ్చేది, అబద్ధం ఆడగూడదు. కుచ్చు కట్టింది నేనే."

"నువ్వూరుకో నాయనా," అంది కూతురు లోపలి నుంచి.

"ఊరుకోడానికి ఇందులో ఏముందే? ఉన్న మాటేగా. నాన్నగారి వేళ్ళు లావు. దారం తెగ్గొట్టేవారు. తెగినప్పుడల్లా నా మీద కోపం. 'నువ్వే తగలడు' అని చేతికిచ్చి పక్కన కూర్చుని చుట్ట కాల్చుకునేవారు. మీకు తెలవదా?"

"తెలియదు," అన్నాను.

"అందరికీ తెలుసే," అన్నాడు ఆయన. ఎత్తిపొడిచినట్టు అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

మా ఇంటిదని నేను చెప్పుకున్న చివరి వస్తువు ఆయన చేతిలో ఉంది. అది నాదని ఆయనతో వాదించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు.

వచ్చిన పని గుర్తుచేసుకుని నేను చేసిన ప్రయత్నాలన్నీ వరసగా చెప్పాను. కుంకుడు రసంతో ఉతికానన్నప్పుడు ఆయన నవ్వాడు. "మేక ఒంటి జిడ్డే దానికి ప్రాణం బాబూ. ఆ జిడ్డు పోతే ఇంకేముంది. మీరు దాన్ని తలంటి పేరంటానికి పంపారు." చామరం గురించి చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. "అయ్యో, దాన్ని ఎందుకు కోశారు? పెద్ద దొరసానమ్మ దాన్ని ఎండలో పెట్టి నన్ను కాపలా ఉండమనేవారు, కాకులు లాక్కుపోకుండా," అన్నాడు. నాకు గుర్తులేని సంగతి అది.

తరవాత వెంట్రుకలు ఎలా ఎంచాలో చెప్పాడు. ఆడమేకది వద్దు, మెత్తన. రెండేళ్ళు దాటిన పోతుది కావాలి. పొట్ట దగ్గరివి పొట్టి, తొడ మీదివి వంకర. తోకవి బిరుసు. భుజాల వెనక నుంచి వెన్ను వెంట పోయే చారలో ఉన్నవే తీసుకోవాలి, అది కూడా చలి బాగా ముదిరాక. అప్పుడు పై వెంట్రుక కింద మెత్తటి నూగు దిగుతుంది. ఆ నూగును పేలదువ్వెనతో దువ్వి చాలా వరకు తీసెయ్యాలి, మొత్తం తియ్యకూడదు. మొత్తం తీస్తే కుచ్చు సన్నబడి ఈనెలా ఉంటుంది. ఉంచేస్తే ఉబ్బి నీళ్ళు పడుతుంది. మొదలు దగ్గర కత్తిరించాలి, కొసలకు కత్తెర తగలకూడదు. కొస తెగిన వెంట్రుక నీళ్ళలో కదలడం మరిచిపోతుంది అన్నాడు.

"ఇప్పుడు మంచి చలి," అన్నాడు. "పోతు ఉంది. దువ్వుకోండి."

కూతురు పేలదువ్వెన తెచ్చింది. "మా పాపది. మళ్ళీ నాకు ఇచ్చెయ్యాలి సార్," అంది. నేను లేచి పోతు దగ్గరికి వెళ్ళాను. అది నన్ను ఎగాదిగా చూసి తల వంచింది.

"ముందు నించి పోబాకండి. దానికి తెల్లచొక్కాలంటే పడదు," అన్నాడు ఆయన. "వంగి, పక్క నించి. మోకాలు కింద పెట్టండి, ఏం గాదు."

మోకాలు మట్టిలో పెట్టాను. కూతురు కొమ్ములు పట్టుకుంది. దువ్వెన పళ్ళలో బూడిదరంగు నూగు ఉండలుగా వచ్చింది. దాని కింద నల్లటి పొడుగు వెంట్రుకలు జిడ్డుగా, వెచ్చగా తగిలాయి. చిటికెడు పట్టుకుని మొదలు దగ్గర కత్తిరించి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. పెదవికి రాసుకుని సగం తీసేశాడు. మిగిలిన సగం నా పెన్ను మూతలో కొసలు కిందికి వచ్చేలా వెయ్యమని, మూతను గోరుతో తట్టమని చెప్పాడు. బయటికి తీస్తే కొసలన్నీ ఒక్క వరసలో ఉన్నాయి.

గాలం, దారం నా సంచిలో ఉన్నాయి. కుర్చీ జరుపుకుని మంచం పక్కన కూర్చుని కట్టడం మొదలుపెట్టాను. వెంట్రుకలు గుండు వెనక నిలవడం లేదు, చెదిరిపోతున్నాయి. తడి చెయ్యడానికి కాసిని నీళ్ళు అడిగాను. కూతురు స్టీలు గ్లాసుతో తెచ్చి, చేతికి ఇవ్వాలో కింద పెట్టాలో తేల్చుకోలేక ఆగింది. నేను చెయ్యి చాచి తీసుకున్నాను. కుచ్చు ముంచి మళ్ళీ చుట్టాను. నీళ్ళు కారిపోయాయి, వెంట్రుకలు మళ్ళీ విడిపోయాయి.

"నీళ్ళతో ఆగదు," అన్నాడు ఆయన, చప్పుడును బట్టి. "నోట్లో పెట్టాలి. ఉమ్మి జిగట. ఆ జిగటకు వెంట్రుకలన్నీ ఒక్క మాట మీద ఉంటాయి."

నా చేతులు ఆగాయి.

"మీరు అలాగే కట్టేవారా?"

"ఇంకెట్టా కట్టేది?"

"నాన్నగారు..." అన్నాను. ఆ వాక్యం ఎలా ముగించాలో తెలియలేదు. గట్టు మీద నిలబడి నాన్నగారు గాలం విసిరే ముందు ఏం చేసేవారో నా కళ్ళకు కట్టినట్టు ఉంది. కుచ్చును పెదవుల మధ్య పెట్టుకుని తడిపేవారు. పొడి కుచ్చుకు గాలి బుడగలు పట్టి మునగదు కాబట్టి. నేను కొన్ని వందలసార్లు చూశాను.

"ఆయనకు తెలుసా?"

"ఎదురుగా కూర్చోబెట్టుకునేగా కట్టించింది," అన్నాడు ముసలాయన. "మొట్టమొదటిది కట్టి ఇచ్చిన రోజు చెరువు దగ్గర చేత్తో పట్టుకుని కాసేపు నిలబడిపోయారు. నేను తల దించుకున్నా. ఎత్తి చూసేసరికి నోట్లో ఉంది. దాని గురించి ఆయన ఏం అన్లా, నేనూ ఏం అన్లా. గ్లాసు మాత్రం దూలానికే ఉంది."

మేక నమిలే చప్పుడు వినబడుతోంది. అప్పుడు ఆయనే అన్నాడు. "ఆ రోజు మీరు చెప్పిన మాట గుర్తుంది బాబూ. మెట్టు దిగకుండా చెప్పారు."

"దిగి ఉండాల్సింది," అన్నాను.

"చిన్నపిల్లోడివి," అన్నాడు. నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి. ఆ తరవాత మళ్ళీ మీరులోకి వెళ్ళిపోయాడు.

కుచ్చు నోట్లో పెట్టుకున్నాను. మేక వాసన, ఉప్పు, జిడ్డు. పెదవుల మధ్య నుంచి లాగితే వెంట్రుకలన్నీ కలిసి బ్రష్షు మొనలా వచ్చాయి. దారం నాలుగు చుట్లు బిగించాను. ఒక్కటీ చెదరలేదు. ఆయన చేతికి ఇచ్చాను. పెదవికి ఆనించి చూసి, "ఇంకా ఎక్కువే ఉన్నాయి. అయినా పర్లేదు, మొదటిది," అన్నాడు. గ్లాసులో నీళ్ళు సగం ఉన్నాయి. వెంట్రుకలు రెండు తేలుతున్నాయి. వేలితో తీసేసి తాగాను. కూతురు చూసింది. "అయ్యో, అవి తాగారేంటి? వేరే తెస్తానుండండి," అని ఇంకో గ్లాసు తెచ్చింది. అదీ తాగాను.

వచ్చే ముందు నాన్నగారి గాలం ఆయన దగ్గరే ఉంచుకోమన్నాను. అది ఆయన చేతి పని. ఆయన డబ్బా మూత పెట్టి నా వైపు జరిపాడు. "నాకెందుకు బాబూ? ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు, గుచ్చుకుంటది. వేపాకు వేసి పెట్టుకోండి," అన్నాడు. ఇంతకంటే పెద్ద మాట ఏదో చెబుతాడని నేను ఎదురుచూశాను. ఆయన పోతును నీడకు కట్టమని కూతురికి చెబుతున్నాడు.

మరునాడు చెరువు దగ్గర మాస్టారికి కొత్త కుచ్చుగాలం ఇచ్చాను. విసిరే ముందు నోట్లో పెట్టి తడపాలని చెప్పాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆగకుండా పెట్టుకున్నారు, ముఖం చిట్లించారు, విసిరారు. తూటికాడల పక్కన పడింది. కొంచెం లాగి, కొంచెం వదిలారు. తేటనీళ్ళలో కుచ్చు ముడుచుకుని విచ్చుకోవడం మా ఇద్దరికీ కనిపించింది. చేప పడలేదు. ఆయన మాత్రం దాన్ని వెనక్కి లాగి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసుకున్నారు.

"వచ్చేసింది బాబుగారూ. మీ నాన్నగారి చెయ్యి మీకు వచ్చేసింది," అన్నారు.

ఆ మాట కోసమే నేను మూడు వారాలు కష్టపడ్డాను. కాదనకుండా ఊరుకుంటే చాలు, అది నాదైపోతుంది. గట్టు మీద ఇంకెవరూ లేరు.

"అది మా నాన్నగారి చెయ్యి కాదు మాస్టారూ," అన్నాను. ఎవరి చెయ్యో చెప్పాను. పేరు, ఇంటిపేరు, ఊరు, ఆ ఇల్లు ఏ పేటలో ఉందో అన్నీ, దస్తావేజులో హద్దులు చదివినట్టు చెప్పాను. నోటి తడి సంగతి కూడా దాచలేదు.

మాస్టారు గాలాన్ని అలాగే పట్టుకుని నీళ్ళ వైపు చూశారు. "ఆయన నాకు తెలుసు," అన్నారు చివరికి. "అవతలి గట్టు మీద మా పక్కనే నిలబడేవాడు. గాలం ఎక్కడైనా చిక్కుకుంటే నీళ్ళలో దిగి తీసేవాడు. అప్పుడు మాత్రం ఇటు రానిచ్చేవారు."

ఆయన మళ్ళీ కుచ్చు నోట్లో పెట్టి తడిపారు. నేను సంచిలోంచి రెండో గాలం తీశాను. దానికి నిన్న తెచ్చిన వెంట్రుకలే. ఈసారి సగానికి సగం తగ్గించి రాత్రే కట్టాను.